లేని గదికి ప్రారంభోత్సవం

సాన్ ఎలూతెరియో పట్టణంలో చిత్రహింస లేదు. ఈ సంగతి మూడు వేర్వేరు ప్రభుత్వ ప్రకటనల్లో, మూడు వేర్వేరు కారణాలతో రుజువైంది కాబట్టి ఎవరూ సందేహించనక్కరలేదు. మొదటి ప్రకటన ప్రకారం అలాంటిది ఇక్కడ ఎన్నడూ జరగలేదు. రెండో ప్రకటన ప్రకారం జరిగింది గానీ, జరిగినది అది కాదు. మూడో ప్రకటన ప్రకారం, అది చేసినవాళ్ళందరినీ ప్రభుత్వం ఇప్పటికే కఠినంగా శిక్షించింది (ఒకాయన్ని సముద్రం కనిపించే ఊరికి బదిలీ చేశారు, ఇంకొకాయనకి ప్రమోషన్ కాస్త ఆలస్యమైంది). మూడు ప్రకటనలూ ఒకే రోజున, ఒకే సంతకంతో వెలువడ్డాయి.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. మూడింటిని ఇమిడ్చే ఉద్యోగం అటార్నీ గిల్డో మగ్‌తిబాయ్‌ది. మనీలాలోని జాతీయ నిర్వచనాల మండలిలో ఆయన సీనియర్ నిర్వచనాధికారి. చిత్రహింసలు పెట్టబోమని ప్రపంచ దేశాలన్నీ రాసుకున్న ఒప్పందం మీద మన ప్రభుత్వం ఎన్నడో సంతకం పెట్టింది. (సంతకాలు పెట్టడంలో మనవాళ్ళు ఎప్పుడూ వెనకాడరు.) ఒప్పందంలో ఏది చెయ్యకూడదని ఉందో, మన స్టేషన్లలో చేసేది అది కాకుండా చూడటం మండలి బాధ్యత. చేసే పని మార్చడం కష్టం, దానికి శిక్షణ కావాలి. పేరు మార్చడానికి ఒక మనిషి, ఒక ఫ్యాను చాలు.

కాబట్టి మనిషిని రాత్రంతా నిద్రపోనివ్వకుండా నిలబెడితే అది సుదీర్ఘ సంభాషణ. తలని నీళ్ళ డ్రమ్ములో ముంచితే జలపరిచయం. చేతులు వెనక్కి విరిచి కట్టి దూలానికి వేలాడదీస్తే భుజవ్యాయామం. ఈ చివరి మాట గిల్డో సొంత సృష్టి. దానికి ఆయనకి ఉత్తమ ఉద్యోగి బహుమతిగా గోడ గడియారం ఇచ్చారు (ముళ్ళ వెనక డైరెక్టరు గారి ముఖం నవ్వుతూ ఉంటుంది). నొప్పికి కూడా ఆయనే నిర్వచనం రాశాడు: ప్రభుత్వం గుర్తించిన స్థలంలో కలిగి, ప్రభుత్వం గుర్తించిన వైద్యులు గుర్తించినదే నొప్పి. మిగతాదంతా అలసట.

గిల్డో చెడ్డవాడని అనుకోకండి. ఆదివారం చర్చి మానడు, జీప్నీ బండిలో ముసలమ్మ ఎక్కితే లేచి చోటిస్తాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నట్టు, ఆయన బల్ల దగ్గరికి మాటలే వచ్చేవి గాని మనుషులు వచ్చేవారు కాదు. ఆ సోమవారం మాత్రం ఒక మనిషి వచ్చింది. పేరు లూమెన్. సాన్ ఎలూతెరియోలో ఉంటుంది. ఆమె కూతురి జ్ఞానస్నానానికి జ్ఞానతండ్రిగా నిలబడ్డది గిల్డోనే. ఆ బంధుత్వంతో ఆయనా లూమెన్ భర్తా ఒకరికొకరు కుంపారె. లూమెన్‌కి కూడా ఆయన కుంపారె, ఆయనకి ఆమె కుమారె.

"కుంపారె, మీ కుంపారెని పట్టుకుపోయారు" అంది లూమెన్, కుర్చీలో కూర్చోకుండానే.

"బోయ్‌నా? ఎందుకు?"

"వారంటు మీద బోయ్ అని ఉందట. ఉంగరాల జుట్టు అని కూడా ఉందట."

"దేశంలో సగం మంది మగాళ్ళ ముద్దుపేరు అదే కదా కుమారె!"

"అదే అన్నాను. మిగతా బోయ్‌ల కోసం కూడా వెతుకుతున్నాం అక్కా, మీరేం కంగారుపడకండి అన్నారు."

లూమెన్ భర్త అసలు పేరు ఫ్లోరాంతె దిమాయుగా. పుట్టినరోజులకీ పెళ్ళిళ్ళకీ కరావొకె మెషీను అద్దెకిస్తాడు. స్పీకరు తానే భుజాన వేసుకుని మోస్తాడు, ఎవరైనా శ్రుతి తప్పితే తానే బాధపడతాడు. అతని మీద ఇంతకు మించిన నేరం ఊళ్ళో ఎవరికీ తెలియదు.

"మెషీను కూడా పట్టుకుపోయారు. సాక్ష్యం అట" అంది లూమెన్. "సాయంత్రమైతే చాలు, సాక్ష్యం పెట్టుకుని పోలీసులంతా పాటలు. వీధి చివరిదాకా వినిపిస్తోంది."

"మరి బోయ్‌ని ఎక్కడ ఉంచారు?"

"అన్నం తీసుకెళ్ళాను. అలాంటి మనిషి మా దగ్గర లేడు అన్నారు. అన్నం మాత్రం తీసుకున్నారు."

మనిషి లేడు, అన్నం కావాలి, పాటలు గట్టిగా పాడుతున్నారు అంటే దాని అర్థం గిల్డోకి తెలుసు. వెంటనే సాన్ ఎలూతెరియో పోలీసు అధిపతి కల్నల్ తగుంపాయ్‌కి ఫోన్ చేశాడు.

"అటార్నీ! ఎన్నాళ్ళకి!" అన్నాడు కల్నల్. "మీ భుజవ్యాయామం మావాళ్ళకి ఎంత నచ్చిందో చెప్పలేను. పాత పేరుతో చేసేటప్పుడు కుర్రాళ్ళు మొహమాటపడేవాళ్ళు. ఇప్పుడు హాయిగా చేస్తున్నారు."

"సర్, దిమాయుగా అనే మనిషి..."

"అతను లేడు. శుక్రవారం జెనీవా నుంచి పరిశీలకులు వస్తున్నారు కదా, వాళ్ళు వెళ్ళగానే శనివారం అతన్ని కొండ మీద క్యాంపుకి పంపేస్తాం."

"లేని మనిషినా సర్?"

"లేడు కాబట్టే పంపడం సులువు."

కొండ మీద క్యాంపుకి వెళ్ళినవాళ్ళు కిందికి దిగి రావడం గురించి మండలి ఇంకా నిర్వచనం తయారుచెయ్యలేదు. దాని అవసరం ఇంతవరకు పడలేదు.

ఒప్పందం అమలు ఎలా ఉందో చూడటానికొచ్చే ఆ పరిశీలకుల రాకకి ఏర్పాట్లు చూడమని మండలి గిల్డోనే పంపింది. బుధవారం కల్నల్ ఆయన్ని స్టేషనంతా తిప్పాడు. గోడలకి కొత్త సున్నం, ప్రతి తలుపు మీద "ఇక్కడ మర్యాదగా మాట్లాడబడును" అనే బోర్డు. క్యాంటీన్ వెనక ఒక ఇనప తలుపు కనిపించింది. గిల్డో చేతిలోని భవనం నక్షాలో ఆ చోట పనస చెట్టు ఉంది.

"ఇదేమిటి సర్?"

"పనస చెట్టు" అన్నాడు కల్నల్, జేబులోంచి తాళంచెవి తీస్తూ.

పనస చెట్టు తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. లోపల తళతళలాడే తెల్లటి టైల్స్, గిర్రున తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాను, నేలలో నీళ్ళు పోవడానికి జాలీ, పైన మంచి చేవగల దూలం. ప్లాస్టిక్ స్టూలు మీద బోయ్ కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి తడిబట్టలా వేలాడుతోంది.

"కుంపారె!" అన్నాడు బోయ్, పెళ్ళిలో ఎదురైనట్టు.

"ఎవరో పిలిచినట్టుంది" అన్నాడు గిల్డో. ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు, ఉద్యోగం చేసిన నాలుక అలాగే తిరిగింది.

"చెట్టు కదా, గాలికి శబ్దం చేస్తుంది" అన్నాడు కల్నల్.

"కుంపారె, నా మైకులో ఎవడో ఉమ్మి ఉమ్మి పాడుతున్నాడు. దూదితో తుడవమని చెప్పు, లేకపోతే పాడైపోతుంది. ఇంకోటి, ఈ చెయ్యి లేవడం లేదు. బోయ్ ఎక్కడున్నాడో చెప్పమంటారు. ఇక్కడే ఉన్నాను కదా అంటే నమ్మరు."

గిల్డోకి సిగ్గేసింది. భయం కూడా వేసింది. ఆ రెండింటికీ మండలిలో నిర్వచనాలు లేవు కాబట్టి ఎటు చూడాలో తెలియక టైల్స్ వైపు చూశాడు.

"బాగున్నాయి కదూ?" అన్నాడు కల్నల్. "ఇటలీ డిజైను. మేయర్ నిధులు. వంటగదికి అని చెప్పి తీసుకున్నాం."

"మేయర్ డబ్బు పెట్టాడా? మరి ఆయన బొమ్మతో టార్పాలిన్ బ్యానరు కట్టలేదే?"

కల్నల్ పగలబడి నవ్వాడు. "చెట్టుకి టార్పాలిన్ ఏమిటి అటార్నీ!"

ఆయన నవ్వాడు గానీ గిల్డో నవ్వలేదు. మన దేశంలో రాజ్యాంగాన్ని అతిక్రమించినా క్షమిస్తారు, టార్పాలిన్‌ని అతిక్రమిస్తే క్షమించరు. వీధిదీపం బల్బు మార్చినా, మురిక్కాలవకి మూత వేసినా, ఆ పని ఎవరి దయో చెప్పే నిలువెత్తు టార్పాలిన్ పక్కన వేలాడాలి. దాని మీద నాయకుడు బొటనవేలు పైకెత్తి నవ్వాలి. పేదవాళ్ళకిచ్చే ఉచిత శవపేటిక మూత మీద కూడా మేయర్ బొమ్మ నవ్వుతూ ఉంటుంది (లోపలున్న మనిషికి కనిపించకపోయినా, మోసేవాళ్ళకి ఓటుంది). అలాంటి దేశంలో ఒక మేయర్ టైల్స్ వేయించి, దాని మీద తన ముఖం లేకుండా నిద్రపోతున్నాడంటే, ఎవరూ నిద్రలేపలేదని అర్థం.

గిల్డో తిన్నగా మేయర్ దగ్గరికి వెళ్ళాడు. మేయర్ ప్రుదెన్సియో ఇలగాన్ మధ్యాహ్నపు ఫలహారంగా వేడివేడి బిబింకా రొట్టె తింటున్నాడు. ఎన్నికలు దగ్గరపడ్డాయి. పోటీకి దిగింది ఆయన సొంత బావమరిది, వైస్ మేయర్ క్రిసాంతో.

"పోలీసు స్టేషన్ వెనక టైల్స్ చూశాను మేయర్. కళ్ళు చెదిరాయి. వైస్ మేయర్‌కి మంచి పేరొస్తుంది" అన్నాడు గిల్డో.

మేయర్ నోట్లో రొట్టె అక్కడే ఆగింది. "ఎవరికి?"

"ఆయన టార్పాలిన్ అచ్చుకి వెళ్ళిందని విన్నాను." (ఇది అబద్ధం. మండలి భాషలో అయితే ముందస్తు సత్యం.)

"నా టైల్స్ మీద వాడి మొహమా!" మేయర్ లేచి నిలబడ్డాడు. "మొదట్నుంచీ అంతే వాడు! నా పెళ్ళి ఫోటోలో నాకు అడ్డంగా నిలబడ్డాడు. ఇప్పటికీ ఆ ఫోటోలో పెళ్ళికొడుకు వాడే అనుకుంటారు జనం!"

"శుక్రవారం విదేశీ అతిథులొస్తున్నారు. వాళ్ళ చేత రిబ్బన్ కత్తిరింపిస్తే..."

"బ్యాండు పిలవండి!" అని అరిచాడు మేయర్ తలుపు వైపు. "ఫాదర్‌కి కబురు చెయ్యండి, పవిత్రజలం తెమ్మనండి! పంది రోస్టు చెప్పండి, పెద్దది!" ఇటు తిరిగి, "అవునూ, అది వంటగదే కదా? టార్పాలిన్ మీద ఏమని రాయించను?" అని అడిగాడు.

"ప్రజాసేవ గది అని రాయించండి. అదెప్పుడూ తప్పు కాదు."

గురువారం పొద్దున్నే కల్నల్ ఫోన్ చేశాడు. "అటార్నీ! చెట్టుకి టార్పాలిన్ కడుతున్నారు!"

"ఆపండి సర్."

"ఎలా ఆపను?"

"ఫలానా గది ప్రారంభోత్సవాన్ని నిషేధించడమైనదని ఉత్తర్వు ఇవ్వాలి."

"రాయి మరి!"

"రాస్తే గది ఉందని ఒప్పుకున్నట్టవుతుంది సర్. మన మొదటి ప్రకటన పోతుంది."

"పోనీ, గది ఉంది గానీ ప్రారంభించకూడనిది అంటే?"

"అప్పుడు రెండోది పోతుంది."

"అయితే ఆ మనిషిని ఈరోజే క్యాంపుకి పంపేస్తా!"

"జీపులన్నీ స్వాగత ఊరేగింపుకి పూలు కట్టుకుని ఉన్నాయి సర్. పువ్వు కదిలితే సస్పెన్షనని మీరే ఆర్డరిచ్చారు."

"వేరే గదిలో పెడతా!"

"మిగతావన్నీ నక్షాలో ఉన్న గదులు సర్, పరిశీలకులు తెరిచి చూస్తారు. నక్షాలో లేనిది ఇదొక్కటే. మనిషిని దాచడానికి దీన్ని మించిన చోటు లేదు."

కల్నల్ ఆలోచించి, నిజమే అన్నాడు. రిబ్బన్ తలుపు బయటే కత్తిరిస్తారు, తాళంచెవి పోయిందని చెబుదాం, బోయ్ నోటికి గుడ్డ కడదాం అని నిర్ణయించాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. కల్నల్ అడుసులోనే నిలబడి కాలు కడుక్కునే ఏర్పాటు చేసుకున్నాడు. ఆ రాత్రి గిల్డో కన్ను మూయలేదు (సుదీర్ఘ సంభాషణ, కాకపోతే తనతో తనే).

శుక్రవారం సాన్ ఎలూతెరియో జాతరలా ఉంది. పూలజీపులు వచ్చాయి, బాజాలు మోగాయి. పరిశీలకుల బృందానికి పెద్ద స్వెండ్‌సెన్ అనే పొడుగాటి ఆవిడ. ఎన్నో దేశాల్లో అటకలూ నేలమాళిగలూ తట్టి తట్టి వేళ్ళ కణుపులు కాయలు కాసినావిడ. దాచిన గది దగ్గరికి తనని మేళతాళాలతో తీసుకెళ్ళడం ఆవిడకి ఇదే మొదటిసారి. నక్షా చూసింది, పనస చెట్టు చూసింది, చెట్టు మీద వేలాడుతున్న మేయర్ ముఖం చూసింది. "తెల్లని టైల్స్, చల్లని గాలి! ప్రజాసేవ గది! మీ మేయర్ ఇలగాన్ ప్రేమతో!" అని ఉంది దాని మీద. బాతిక్ దిండు మీద కత్తెర పెట్టి ఆవిడ చేతికందించారు. జనం ఉత్సాహం చూసి ఆవిడ కాదనలేకపోయింది. రిబ్బన్ తెగింది.

"లోపలికి పదండి" అన్నాడు ఫాదర్.

"తాళంచెవి పోయింది ఫాదర్. బయటి నుంచే చల్లెయ్యండి" అన్నాడు కల్నల్.

"మూలమూలా చల్లకపోతే దీవెన ఎలా అవుతుంది నాయనా? లోపల ఏముందో ఏమో!"

"అవును మరి, కొత్త గదిలో దయ్యాలుంటాయి" అంది వెనక నుంచి ఒక ముసలమ్మ. మిగతా ముసలమ్మలు అవునంటే అవునన్నారు.

"ఇంత ఖర్చు పెట్టి నేను తలుపు పక్కన ఫోటో దిగాలా?" అన్నాడు మేయర్. అగ్నిమాపక దళాన్ని పిలిచి తాళం పగలగొట్టించాడు.

తలుపు తెరుచుకుంది. బ్యాండువాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు, డోలు వాయించేవాడు మాత్రం చూసుకోక ఇంకో రెండు దెబ్బలు వేశాడు. తెల్లని టైల్స్ మధ్య, చల్లని గాలిలో, నోటికి గుడ్డతో బోయ్ కూర్చుని ఉన్నాడు. కల్నల్ కళ్ళు మూసుకున్నాడు. లూమెన్ జనంలోంచి కెవ్వుమంది. ఇప్పుడు ఎవరు ఏమంటారో దాని మీదే ఒక మనిషి ప్రాణం ఉంది.

రాజకీయాల్లో ముప్పై ఏళ్ళు నలిగిన మనిషి మేయర్ ఇలగాన్. టార్పాలిన్ కింద ఖాళీ గది ఉంటేనే ఆయనకి భయం, మనిషి ఉంటే భయం లేదు. ఒక్క క్షణంలో తేరుకుని చేతులు చాచాడు.

"ఇదిగో, మన మొదటి లబ్ధిదారుడు!"

జనం చప్పట్లు కొట్టారు. ఎవరో గుడ్డ విప్పారు. మేయర్ బొమ్మ ఉన్న సంచిలో బియ్యం, సార్డీన్ డబ్బాలు పెట్టి బోయ్ ఒళ్ళో ఉంచారు. ఫోటోలు తీశారు. లబ్ధిదారుడు కృతజ్ఞతలు చెప్పాలి కదా, మైకు అందించారు. బోయ్ దాన్ని ఎడమ చేత్తో తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది నాదే" అన్నాడు. మైకుని చొక్కాకేసి తుడిచాడు. "సౌండ్ చెక్... సౌండ్ చెక్... మేయర్‌కి థాంక్సండీ. టైల్స్ నిజంగా చల్లగా ఉన్నాయి. చెంప ఆనించి చూశాను, చాలాసేపు. నీళ్ళు కూడా ఎక్కడా నిలవ్వు, నా మీద పోసినవన్నీ ఇట్టే పోయాయి. దూలం మహా గట్టిది. నన్ను వేలాడదీసినా ఇంత కూడా వంగలేదు. కాంట్రాక్టరు మంచోడు. మైకులో బేస్ మాత్రం ఎవరో పాడుచేశారు."

మేయర్ అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టాడు. స్వెండ్‌సెన్ గిల్డో వైపు తిరిగింది. పరిశీలకులకి తర్జుమా చేసేది ఆయనే. 'వేలాడదీసినా' దగ్గర గిల్డో ఆగాడు. మండలి మాట, గడియారం తెచ్చిపెట్టిన మాట, నాలుక చివర సిద్ధంగా ఉంది. దాన్ని మింగేసి ఉన్నమాట ఉన్నట్టు చెప్పాడు. ఆవిడ రాసుకుంది. మేయర్ పెట్టిన పంది రోస్టు మాత్రం తినలేదు.

లబ్ధిదారుణ్ణి లోపలే ఉంచితే పథకం విఫలమైనట్టు కాబట్టి మేయర్ బోయ్‌ని తన కారులోనే ఇంటికి పంపాడు. లూమెన్ మొగుణ్ణి పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, తర్వాత కానిస్టేబుళ్ళ వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ నేను తెచ్చిన అన్నం ఎవడు తిన్నాడో ముందది తేల్చండి!" అంది. అది ఇప్పటికీ తేలలేదు.

తర్వాత అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. జెనీవా నుంచి ఘాటైన నివేదిక వచ్చింది. ప్రభుత్వం ఒకే రోజున మూడు జవాబులిచ్చింది: ఆ గది లేదు, ఆ గది ఆసియాకే ఆదర్శం, ఆ గది కట్టినవాళ్ళని కఠినంగా శిక్షించాం (తాపీమేస్త్రీని పనిలోంచి తీసేశారు). మొదటి జవాబు మీద మేయర్ పరువునష్టం దావా వేశాడు, తన టైల్స్ ఉన్నాయని కోర్టులో నిరూపించుకున్నాడు, ఎన్నికల్లో బావమరిదిని చిత్తుగా ఓడించాడు. కల్నల్‌ని సముద్రం కనిపించే ఊరికి బదిలీ చేశారు.

బోయ్ చెయ్యి లేవలేదు. నష్టపరిహారానికి అర్జీ పెట్టుకున్నాడు. అది తిరిగి తిరిగి గిల్డో బల్ల మీదికే వచ్చింది. మండలి గుర్తించిన వైద్యురాలు డాక్టర్ పురిఫికాసియోన్ అప్పటికే దాని మీద తన అభిప్రాయం రాసింది: "గుర్తించిన స్థలం కాదు. కావున అలసట." నిర్వచనం మార్చమని గిల్డో డైరెక్టర్ని బతిమాలాడు. మారిస్తే పాతది తప్పని ఒప్పుకున్నట్టవుతుంది అటార్నీ, మీరు రాసిందే కదా అన్నాడు డైరెక్టరు. గిల్డో అర్జీని తిరస్కరిస్తూ సంతకం పెట్టి, శనివారం తానే సాన్ ఎలూతెరియో వెళ్ళి చెప్పాడు.

"అంటే నాకు నొప్పి లేదన్నమాట" అన్నాడు బోయ్.

"కాగితం మీద లేదు కుంపారె."

"హమ్మయ్య. రాత్రిళ్ళు నిద్ర పట్టకపోతే ఏమో అనుకున్నాను." బోయ్ నవ్వాడు. వీధి చివర ఎవరిదో పుట్టినరోజు, వాకిట్లో నల్లటి పెద్ద స్పీకరు సిద్ధంగా ఉంది. దాని వైపు గడ్డం చూపించాడు. "అయితే అది ఎత్తు. నాకు నొప్పి లేదు గానీ, అలసటగా ఉంది."

గిల్డో ఎత్తాడు. ఆ శనివారమే కాదు, ప్రతి శనివారం మనీలా నుంచి బస్సులో వచ్చి ఎత్తాడు. మూడో శనివారం వంతెన మీద ఆయన భుజంలో ఏదో కలుక్కుమంది. సోమవారం చెయ్యి పైకి లేవక డాక్టర్ పురిఫికాసియోన్ దగ్గరికే వెళ్ళాడు.

"అబ్బా!" అన్నాడు, ఆవిడ ముట్టుకోగానే.

"ఎక్కడ జరిగింది అటార్నీ?"

"సాన్ ఎలూతెరియోలో, వంతెన మీద."

"నక్షాలో ఉన్న వంతెనేనా?"

"ఉంది."

"మరింకేం, ఇది నొప్పే" అని ఆవిడ సంతోషంగా రాసి, జీతంతో కూడిన సెలవు ఇప్పించింది. మండలి పుట్టిన నాటి నుంచి ప్రభుత్వం గుర్తించిన మొట్టమొదటి నొప్పి అదే.